వియ్యానికి అడ్డుపడిన ప్రాసెసర్

నా పేరు మద్దిలేటి. పుట్టింది కర్నూలు జిల్లాలో, పనిచేసి తిన్నది కడప జిల్లాలో. ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ షాపులో విడిభాగాలు బిగించి కంప్యూటర్లు తయారుచేయడం, చెడిపోయినవాటిని బాగుచేయడం నా ఉద్యోగం. ఇప్పుడు మానేశాను. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అన్నా, ఈ పనికి ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు.

బిగించడం నేర్చుకోవడానికి నా దాకా రానక్కరలేదు. ఒక వీడియో చూస్తే మధ్యాహ్నం భోజనం లోపల వచ్చేస్తుంది. గిరాకీతో మాట్లాడటం మాత్రం ఏ వీడియోలోనూ లేదు. మెదడులో ముందే ఒక ప్రాసెసర్ బిగించుకుని షాపుకు వచ్చే మనిషితో ఎలా వేగాలో నాకు తెలిసింది ఇద్దరి వల్ల. వాళ్ళ కథ చెబితే పని కథ కూడా చెప్పినట్టే.

రెండు రంగులు

కంప్యూటర్ ప్రాసెసర్లు చేసే పెద్ద కంపెనీలు ముఖ్యంగా రెండు. పేర్లు రాయను. డబ్బాల రంగును బట్టి మా షాపులో ఒకరిని నీలం అని, ఇంకొకరిని ఎరుపు అని పిలిచేవాళ్ళం. ఆదివారం పొద్దున ఈ పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు షాపుకు చేరేవాళ్ళు. కొనేదేమీ ఉండదు. టీ తాగుతారు, కొట్లాడుకుంటారు, పోతారు.

వాళ్ళలో నీలం జెండా ఓబులేసుది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్‌లో పని. ఎర్ర జెండా గంగాధరది. జమ్మలమడుగులో నేత చీరలకు అంచులు, బుటాలు కంప్యూటర్‌లో గీసి మగ్గాలవాళ్ళకు ఇచ్చేవాడు. ఇద్దరిదీ నేత కుటుంబమే. ఓబులేసు ఐటీఐ చదివి ఫ్యాక్టరీలో చేరాడు కాబట్టి మగ్గం వదిలాడు. చుట్టరికం ఎక్కడో దూరంగా ఉంది. అది ఇద్దరూ ఒప్పుకోరు.

ప్రాసెసర్‌లో కోర్లు అని ఉంటాయి. ఒకే షెడ్డులో ఉన్న మగ్గాలనుకోండి. ఎన్ని ఉంటే అన్ని పనులు ఒకేసారి జరుగుతాయి. గంగాధర వాదన అదే.

"మగ్గాలెక్కువుండే షెడ్డులో చీరలెక్కువొస్తాయప్పా. ఇంత చిన్న సంగతి నీ తలకెక్కదేమి?"

"మగ్గమెక్కేవాని చెయ్యి ఆడకపోతే ఎన్ని మగ్గాలుండి ఏం లాభం?" అని ఓబులేసు. "మాది ఒక్క మగ్గమైనా చెయ్యి చూడు, ఎట్లా ఆడతాదో!"

నన్నడిగితే ఇద్దరిదీ నిజమే. నేసేది ఏ చీర అన్నదే ప్రశ్న. కానీ ఆదివారం పొద్దున ఆ మాట అన్నవాడికి టీ దొరకదు.

ఖాదర్ సాహెబ్ నేర్పింది

షాపు యజమాని ఖాదర్ సాహెబ్. నేను చూసిన మనుషుల్లో ఏ పక్షమూ లేనివాడు ఆయన ఒక్కడే. నేను చేరిన కొత్తలో ఒక మాస్టారు వచ్చి ఏ ప్రాసెసర్ మంచిదని అడిగారు. నేను కోర్ల నుంచి మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. మాస్టారు నా ముఖం చూసి, గడియారం చూసి, వెళ్ళిపోయారు.

ఖాదర్ సాహెబ్ నన్ను పిలిచాడు. "అరే మద్దిలేటీ, ఆ సారు ఆ మిషన్‌తో ఏం పని చేస్తాడు?"

"తెలీదు సాహెబ్."

"అడిగినావా?"

"లేదు."

"మరి ఇంతసేపు ఎవరికి చెప్పినావు? గోడకా?"

ఆయన పెట్టిన పాఠశాల అంతే, ఒక్క ప్రశ్న. ముందు పని అడుగు, తర్వాత పరికరం చెప్పు. ఈ వృత్తిలో ఇంతకు మించిన చదువు నాకు దొరకలేదు. ఇంటర్నెట్‌లో పోటీ పరీక్షలు పెట్టి ఫలానాది గెలిచింది అనేవాళ్ళను నేను తిట్టను. కానీ వాళ్ళు ఏసీ గదిలో కూర్చుంటారు. మన గిరాకీ రేకుల కింద కూర్చుంటాడు. కడప మే నెలలో రేకుల కింద ఏ రంగు ప్రాసెసరైనా ముందు నీళ్ళే అడుగుతుంది.

ఎర్రగుంట్ల దుమ్ము

ఒక వేసవిలో ఓబులేసు తన మిషన్‌ను స్కూటర్ మీద పెట్టుకుని వచ్చాడు. ఆన్ చేసిన కాసేపటికే ఆగిపోతోంది. ఆదివారం కాని రోజు, గంగాధర లేని సమయం చూసుకుని వచ్చాడని నాకు అర్థమైంది. కానీ ఆయన అదృష్టం అలాంటిది. వెనకాలే గంగాధర కీబోర్డు కొనడానికి దిగాడు.

"ఏమప్పా ఓబులేసూ! చెయ్యి ఆడతాదంటివే, పడిపోయినట్టుండాదే?"

"ఎండప్పా, ఎండ! మనుషులే పడిపోతాండారు."

నేను మూత తీసి బ్లోయర్ పెట్టాను. సిమెంటు దుమ్ము బూడిద మేఘంలాగా లేచి ముగ్గురినీ కప్పేసింది. ప్రాసెసర్ మీది ఫ్యానుకు రెక్కలున్నట్టే కనబడలేదు. దుమ్ము పోయాక మిషన్ చక్కగా తిరిగింది. తెల్లబడిన మీసాలతో ఓబులేసు గంగాధర వైపు తిరిగి, "చూస్తివా? ఇంత దుమ్ములో నీ ఎర్రది ఒక్క దినమైనా బతుకుతాదా?" అన్నాడు.

దుమ్ము తన ఇంటిదే అయినా గెలుపు తన పార్టీదే. అభిమానం అంటే ఏమిటో నాకు ఆ రోజు బాగా తెలిసింది. దానికి ఆధారాలతో పని లేదు. ఆధారాలు వాటంతట అవే వచ్చి దాని పక్కన కూర్చుంటాయి. కాబట్టి పిల్లలారా, అభిమానితో వాదించకండి. ఫ్యాను తుడిచి పంపండి.

ఇందు మిషన్

ఓబులేసు కూతురు ఇందు. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు లెక్కల పాఠాలు వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టేది. సొంత సంపాదనతో కంప్యూటర్ కొనుక్కోవాలని, తండ్రి రాసిచ్చిన చీటీతో షాపుకు వచ్చింది. అందులో నీలం ప్రాసెసర్ రాసి, కింద గీత కూడా గీశాడు.

నేను అలవాటు ప్రకారం పని అడిగాను. పాఠం ఒక పక్క వీడియోగా తయారవుతుంటే, ఇంకో పక్క తర్వాతి పాఠానికి బొమ్మలు గీసుకోవాలి అంది. ఆమె పెట్టుకున్న డబ్బులో అలాంటి పనికి ఆ రోజు ఎరుపే మెరుగు. అదే చెప్పాను.

"నేను కూడా చదివినాను అంకుల్. నాకూ అదే అనిపించింది," అంది ఇందు. చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుంది. "ఎర్రదే వేయండి. నాయనకు మాత్రం నేనే చెప్తా. మీరు చెప్పొద్దండి."

సరేనన్నాను. గిరాకీ మిషన్‌లో ఏముందో గిరాకీకి తప్ప ఇంకొకరికి చెప్పకూడదన్నది నా నియమం. కానీ ఆ నియమం ఇంత బరువుంటుందని నాకు అప్పుడు తెలియదు.

ఇందు చెప్పలేదు. ఓబులేసు ఆ తర్వాతి ఆదివారమే మొదలుపెట్టాడు.

"నా బిడ్డ మిషన్ చూడాల్ల గంగాధరా! ఒక పక్క వీడియో అవుతాంటాది, ఇంకో పక్క బొమ్మలు గీస్తాంటాది. ఒక్క తూరి కూడా ఆగల్యా. నేను వెనకాల నిలబడి చూస్తాంటా కదా, రెండు కళ్ళూ చాలవప్పా. ఇదీ నీలం అంటే!"

"చిన్న చిన్న వీడియోలకు ఏదైనా ఆడతాదిలేప్పా," అన్నాడు గంగాధర. "బరువు పని పెట్టు, నడుము ఇరుగుతాది దానికి."

అలా కొన్ని వారాల పాటు ఓబులేసు ఎర్ర ప్రాసెసర్‌ను ఆకాశానికెత్తాడు, గంగాధర దాన్ని నేలకేసి కొట్టాడు. మధ్యలో నేను సీలింగ్ ఫ్యాను వైపు చూస్తూ టీ తాగాను. నవ్వు ఆపుకోవడం కూడా ఈ వృత్తిలో ఒక నైపుణ్యమే.

పెళ్ళిచూపులు

గంగాధర కొడుకు హరి. తండ్రి గీసిన చీరలకు ఫోటోలు తీసి ఫోన్‌లోనే అమ్మేవాడు. నెమ్మదస్తుడు. ఇందుకు సంబంధాలు చూస్తున్నారని తెలిసి ఖాదర్ సాహెబ్ ఒక ఆదివారం ఉన్నట్టుండి అన్నాడు. "మీరిద్దరూ ఎట్లాగూ కొట్లాడతారు. వియ్యంకులైపోండి. కొట్లాటకు ఒక హక్కు ఉంటాది."

అందరం నవ్వాం. కానీ ఆ మాట ఇద్దరి తలల్లోనూ పనిచేసింది. ఇద్దరికీ తెలిసినవాణ్ణి కాబట్టి, చూపుల రోజు నన్ను మధ్యవర్తిగా ఎర్రగుంట్లకు రమ్మన్నారు.

ఓబులేసు ఇంట్లో వేడి వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. హరి, ఇందు ఒకరినొకరు చూసుకున్నారు, వరండాలో కాసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరి ముఖాలూ చూసి పని అయిపోయిందనుకున్నాను. రెండో బజ్జీ తీసుకున్నాను.

ఆ ధీమాతోనే కాబోలు, గంగాధర సరదాకు అడిగాడు. "ఏమ్మా, నీ మిషన్‌లో ఏం ప్రాసెసర్ ఉండాది?"

"అడిగి చెప్పించుకో! నీ చెవులతో నువ్వే విను!" అని ఓబులేసు కుర్చీలో ముందుకు జరిగాడు.

ఇందు తండ్రి వైపు చూసింది, నా వైపు చూసింది. "ఎర్రది మామా," అంది.

ఓబులేసు పకపకా నవ్వాడు. "చూస్తివా, కాబోయే మామను ఎట్లా ఆటపట్టిస్తాందో!"

"ఆట కాదు నాయనా. నిజమే. చెప్పాలనే అనుకుంటాంటి, చెప్పలేకపోతి."

ఓబులేసు నవ్వు ఆగిపోయింది. గంగాధర అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన లేచి నిలబడ్డాడు. నాకు చెయ్యి కలిపాడు, హరికి కలిపాడు, బజ్జీలు తెచ్చిన పక్కింటామెకు దండం పెట్టాడు. "మా పార్టీ మనిషి! మా పార్టీ మనిషి నీ ఇంట్లోనే ఉండాదప్పా! కన్నబిడ్డే నీ మాట నమ్మల్యా, ఇంక ఊరోళ్ళు నమ్మాల్నా?"

ఓబులేసు ముఖం వాడిపోయింది. చేతిలో ప్లేటు కింద పెట్టాడు. "తిన్నారు కదా. పోయిరండి. ఈ సంబంధం మాకొద్దు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

తండ్రీకొడుకులను అలా వదలలేక నేనూ వాళ్ళ బస్సే ఎక్కాను. జమ్మలమడుగు దగ్గరపడ్డాక హరి కిటికీ వైపు చూస్తూనే అన్నాడు. "నీకు ప్రాసెసర్ దొరికింది నాయనా. నాకు పిల్ల పోయింది."

గంగాధర చేతిలో టికెట్‌ను ఊరికే మడుస్తూ కూర్చున్నాడు.

"నేను ఊరా?"

మరుసటి వారం ఓబులేసు షాపుకు వచ్చాడు. ఆదివారం కాదు. నేరుగా నా బెంచీ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నీకు తెలిసి కూడా నాకొక మాట చెప్పల్యా మద్దిలేటీ."

"ఆ మిషన్ పాపది ఓబులేసన్నా. చెప్పాల్సింది ఆ పాపే. డాక్టరు దగ్గరికి పోయొస్తే ఆ సంగతి డాక్టరు ఊరందరికీ చెప్తాడా?"

"నేను ఊరా?" అన్నాడు. "నాయన్ని కదప్పా."

నియమం సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ సరైన నియమం పాటించినా ఒక్కోసారి ఎదుటి మనిషి నొచ్చుకుంటాడు. అప్పుడు నియమాన్ని సమర్థించుకుంటూ కూర్చోకూడదు. టీ తెప్పించాలి. తెప్పించాను. ఆయన తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆదివారాలు చప్పబడ్డాయి. ఇద్దరూ రావడం లేదు. మిగిలినవాళ్ళు వచ్చి క్రికెట్ గురించి మాట్లాడి పోతున్నారు. "దుకాణం నిశ్శబ్దంగా ఉండాది, నాకు జ్వరమొచ్చినట్టుండాది," అన్నాడు ఖాదర్ సాహెబ్.

అంటుకున్న ప్రాసెసర్

ఎర్ర ప్రాసెసర్లలో ఆ తరం వాటికి అడుగున వందలకొద్దీ పిన్నులుంటాయి, వెంట్రుకలంత సన్నవి. వేడిని లాగడానికి పైన ఫ్యానుతో ఉండే లోహపు దిమ్మెను పేస్టు పూసి కూర్చోబెడతారు. ఆ పేస్టు ఎండిపోతే దిమ్మె జొన్నరొట్టె పెనానికి అంటుకున్నట్టు అంటుకుంటుంది. మిషన్‌ను కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, దిమ్మెను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. పైకి పెరికితే కింద ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది.

గంగాధర పెరికాడు. పెళ్ళిళ్ళ కాలం, చీరల బేరాలు మీద పడి ఉన్నాయి. మిషన్ మాటిమాటికీ ఆగిపోతోంది. షాపుకు వస్తే ముఖం చూపించాలి కదా అని తనే విప్పాడు. మిషన్‌ను ఒక చేత్తో, ఊడివచ్చిన ప్రాసెసర్‌ను తువ్వాల్లో చుట్టి ఇంకో చేత్తో తెచ్చి నా బెంచీ మీద పెట్టాడు. ఒక మూల పిన్నులు వరుసగా పడుకుని ఉన్నాయి.

"డిజైన్లన్నీ దీంట్లోనే ఉండాయి మద్దిలేటీ. మగ్గాలోళ్ళు అంచు కోసం కూర్చోనుండారు. నేనిస్తే గానీ వాళ్ళకు పని లేదు."

అలాంటిది ఇంకొకటి హైదరాబాదు నుంచి తెప్పించాలి. రోజులు పడుతుంది. పిన్నులు సరిచేద్దామని భూతద్దం పెట్టాను. అప్పటికే నా కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయి. ఒక పిన్ను రెండుగా కనబడుతోంది.

సరిగ్గా అప్పుడే ఓబులేసు ఫ్యాక్టరీవాళ్ళకు ఏదో కేబులు కావాలని వచ్చాడు. గంగాధరను చూసి ముఖం తిప్పుకున్నాడు. కేబులు తీసుకున్నాడు. కానీ వెళ్ళలేదు. నా భుజం వెనక నిలబడ్డాడు.

"ఆ పక్కకు వంచినావంటే తెగుతాది," అన్నాడు.

నేను ఇంకొంచెం ప్రయత్నించాను.

"అట్లా కాదప్పా! అయ్యో... లెయ్యి, లెయ్యి. ఇటియ్యి."

నా కుర్చీలో కూర్చున్నాడు. నొక్కితే ములుకు బయటికొచ్చే పెన్సిలు ఒకటి తీసుకుని, ములుకు తీసేసి, దాని సన్నని గొట్టాన్ని పిన్ను మీద తొడిగి మెల్లగా నిలబెట్టడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని తెగిన పోగులు అతికిన చెయ్యి అది. ఫ్యాక్టరీలో అంతకాలం మీటలు నొక్కినా మరిచిపోలేదు. ఖాదర్ సాహెబ్ ఫ్యాను ఆపేశాడు. మాట్లాడింది ఓబులేసు ఒక్కడే. ఆయన తిడుతూనే ఉన్నాడు.

"పెరుకుతారా ఎవరైనా? శనగచెట్టా ఇది? రోంత వేడి చేసి తిప్పాల్ల. అంతమాత్రం తెలీని మనిషి ఎర్రదంట, పచ్చదంట..."

గంగాధర చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు.

ప్రాసెసర్‌ను సాకెట్‌లో పెడితే కుదురుగా కూర్చుంది. నేను పేస్టు పూసి, దిమ్మె బిగించి ఆన్ చేశాను. గంగాధర ఫైలు తెరిస్తే తెర మీద సగం గీసిన నెమలి అంచు వచ్చింది. గంగాధర కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఓబులేసూ, ప్రాసెసర్ సంగతి పక్కన పెట్టు. బిడ్డ ముందర తండ్రిని ఎగతాళి చేసినా. అది శానా తప్పప్పా."

ఓబులేసు చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. ఫ్యాక్టరీ మోతలో పనిచేసిన మనిషి కదా, ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది.

"ఇందూ, ఏమి చేస్తాండావమ్మా?"

"పాఠం తయారుచేస్తాండా నాయనా."

"ఈడ గంగాధర ఉండాడు. ఆ అబ్బాయంటే నీకు ఇష్టమేనా? ఉండేదుండేట్టు చెప్పు."

"ఇష్టమే నాయనా," అంది. మళ్ళీ తనే అంది, "ఆ మిషన్ సంగతి... నువ్వు వెనకాల నిలబడి అంత సంతోషంగా చూస్తాంటే, ఎట్లా చెప్పాల్నో తెలీల్యా. నీ మాట తోసేసినానని బాధపడతావని."

"అదేం లేదులేమ్మా," అన్నాడు ఓబులేసు.

"పెళ్ళైతే ఆ మిషన్ నాతో తీసుకుపోతా నాయనా. పాఠాలు ఆపలేను."

"తీస్కపో. నీదే కదా," అన్నాడు. "మరి నేను దేంట్లో చూడాల్ల నీ పాఠాలు?"

అవతల ఇందు నవ్విందో ఏడ్చిందో స్పీకర్‌లో సరిగ్గా తెలియలేదు. "మద్దిలేటి అంకుల్‌తో నీకు కొత్తది చేపిస్తాలే నాయనా. నీ పాతది ఆగి ఆగి నడుస్తాంది కదా. ఏం ప్రాసెసర్ కావల్లో చెప్పు, నీకిష్టమైందే వేపిస్తా."

ఓబులేసు మా ముగ్గురి వైపూ చూశాడు. గోడ వైపు తిరిగాడు. ఫోన్ స్పీకర్‌లో ఉందన్న సంగతి మరిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"నీదాంట్లో ఉండేదే వేపియ్యమ్మా. బాగ ఆడతాంది అది."

గంగాధర నోరు తెరిచాడు. ఖాదర్ సాహెబ్ టీ కోసం తెచ్చిన బిస్కెట్టు ఒకటి ఆ నోట్లో పెట్టి, భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. గంగాధర కాసేపు దాన్ని నమలకుండా అలాగే ఉండిపోయాడు. తర్వాత నమిలి మింగి, మంచి ముహూర్తాలు ఎప్పుడున్నాయప్పా అని అడిగాడు.

పెళ్ళికి ముందు వారం నేను ఆ కంప్యూటర్ బిగించి ఎర్రగుంట్లలో ఓబులేసు ఇంట్లో పెట్టి వచ్చాను. నా చేతి మీదుగా వెళ్ళిన చివరి మిషన్ అదే. ఆన్ చేయగానే ఆయన మొట్టమొదట తెరిచింది ఇందు చెప్పిన త్రికోణమితి పాఠం. అది అయ్యేదాకా నన్ను లేవనివ్వలేదు.